ఇసుక దిబ్బ మీద ఇడ్లీ పాత్ర

నార్త్ కరోలినాలో కాపురముండే తెలుగువాళ్ళకి వేసవి దగ్గరపడిందంటే రెండు బెంగలు పట్టుకుంటాయి. పిల్లల్ని ఏ సమ్మర్ క్యాంపులో వెయ్యాలన్నది ఒకటి, ఔటర్ బ్యాంక్స్‌కి ఎవరితో కలిసి వెళ్ళాలన్నది ఇంకోటి. మొదటిదానికి డబ్బుంటే చాలు. రెండోదానికి ఓర్పు కావాలి.

మ్యాపులో చూస్తే ఈ ఔటర్ బ్యాంక్స్, అట్లాంటిక్ సముద్రానికీ అసలు నేలకీ మధ్య ఎవరో సుద్దముక్కతో గీత గీసి మర్చిపోయినట్టుంటుంది. వర్జీనియా అంచు నుంచి కిందికి దాదాపు 200 మైళ్ళ పొడవునా ఇసుక ద్వీపాలు. తూర్పున సముద్రం, పడమట సౌండ్ అని పిలిచే లోతు తక్కువ ఉప్పునీళ్ళు. కొన్నిచోట్ల రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా నీళ్ళే. అంత సన్నటి నేల మీదికి కేరీ నుంచి నాలుగు కుటుంబాలూ, వాళ్ళ పిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళూ, ఒక వెట్ గ్రైండరూ వెళ్ళి వారం రోజులుండి క్షేమంగా తిరిగి రావాలి.

ఎక్కడికి అన్నది తొందరగానే తేలింది. ఎప్పుడు అన్నదే తేలలేదు. జులై 4 దగ్గర తానా సభలున్నాయని ఒకరు. ఆ పై వారం ఆఫీసులో రిలీజ్ ఉందని ఇంకొకరు. ఆగస్టంటే శ్రావణమాసం, చేపలు దొరికే చోటికి పనిగట్టుకుని వెళ్ళి పప్పుచారు తాగి రావాలా అని మరొకరి గోడు. సెప్టెంబరులో అద్దెలు బాగా దిగుతాయి, కానీ బడులు తెరిచేస్తారు. పైగా జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం, అంటే మనకి సెలవులున్నప్పుడే తుఫాన్లకీ తీరిక. ఇదంతా 'బీచ్ ప్లాన్ ఫైనల్' అనే వాట్సాప్ గ్రూపులో చర్చించాం. కొన్నాళ్ళకి 'బీచ్ ప్లాన్ ఫైనల్ ఫైనల్' పుట్టింది. ఆడవాళ్ళకి మూడో గ్రూపు ఒకటుందని, నిర్ణయాలన్నీ అందులో ఎప్పుడో అయిపోయాయని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా గుంపులో ఒకాయన్ని అందరం ఎక్సెల్ అన్న అంటాం. ఆయన షీటు తెరిస్తే అద్దె, పన్ను, క్లీనింగ్ ఫీజు, ఈతకొలను నీళ్ళు వేడి చేసినందుకు ఫీజు, అన్నీ తలసరి లెక్క తేలిపోతాయి. అయిదేళ్ళ లోపు పిల్లలకి ఉచితం, పన్నెండేళ్ళ లోపుకి అర టికెట్టు. సముద్రం కనపడే గది అయితే మామూలు వాటాని 1.3తో హెచ్చవెయ్యాలి, పార్కింగ్ కనపడే గది అయితే 0.9తో. "మరి మా అత్తగారు సముద్రం వైపు చూడనే చూడరు, ఆవిడ సీరియల్ చూసుకుంటారు. ఆవిడకీ 1.3 ఏంటన్నా?" అని ఒకరు అడిగేసరికి ఆయన షీటు మూసి గంటసేపు మాట్లాడలేదు. మంచి పడగ్గదులు మూడు, కుటుంబాలు నాలుగు. చీటీలు వేశాం. పిల్లల బంకు మంచాల గది వచ్చినాయన చీటీలు సరిగా కలపలేదన్నాడు. మళ్ళీ కలిపి వేశాం. మళ్ళీ ఆయనకే వచ్చింది.

ఇక్కడి అద్దె ఇళ్ళకో చిత్రమైన తీరుంది. ఉప్పెన వస్తే నీళ్ళు కిందనుంచి పోయేలా ఇంటిని పెద్ద పెద్ద దుంగల మీద నిలబెడతారు. దాని మీద పడగ్గదులు, ఆ పైన అన్నిటికంటే ఎత్తున హాలూ వంటిల్లూ. సముద్రం బాగా కనపడాలని. "సముద్రం చూస్తా పోపు మాడబెట్టుకునేదానికా?" అంది మా అమ్మ. ఆవిడ మోకాళ్ళ కోసం లిఫ్టు ఉన్న ఇల్లు వెతికాం. ఎక్సెల్ అన్న లిఫ్టుకి కూడా ఒక గడి కేటాయించాడు.

మా నాన్న సూళ్ళూరుపేట మనిషి. సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. ల్యాప్‌టాప్‌లో ఇళ్ళ ఫొటోలు చూపిస్తే ఇళ్ళని వదిలేసి నేల చూశాడు. "ఇది మన షార్ మాదిరే గదరా. ఒక పక్క పులికాటు, ఒక పక్క సముద్రం, నడాన దిబ్బ" అన్నాడు. నిజమే. శ్రీహరికోటా ఇలాంటి అడ్డుగట్టు ద్వీపమే. ఆకాశానికి దారి వెయ్యడంలోనూ రెండింటికీ చుట్టరికముంది. అక్కడ 1971 నుంచి రాకెట్లు లేస్తున్నాయి. ఇక్కడ కిల్ డెవిల్ హిల్స్ దగ్గర 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి లేచి 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరింది. వాళ్ళు కూడా ఈ ఊరిని తేలిగ్గా ఎంచుకోలేదు. వాతావరణ శాఖకి ఉత్తరాలు రాసి, ఎక్కడ గాలి బాగా వీస్తుంది, పడితే దెబ్బ తగలని ఇసుక ఎక్కడుంది అని వాకబు చేసి 1900లో వచ్చి డేరా వేసుకున్నారు. గాలి, ఇసుక, డేరా. వాళ్ళ షీటులో మూడే గళ్ళు, అందుకే ఎగరగలిగారని నా నమ్మకం.

నాన్నకి అసలు సమస్య వేరే. ఈ దిబ్బలు ఒకచోట ఉండవు. తుఫాను అలలు సముద్రం వైపు ఇసుకని ఎత్తుకొచ్చి వెనకవైపు సౌండు ఒడ్డున పోస్తాయి. ముందు కోత, వెనక మేట. ఏళ్ళ తరబడి అలా జరిగీ జరిగీ ద్వీపమే నేల వైపు పొర్లుతూ వస్తుంది. కేప్ హేటరస్ దీపస్తంభాన్ని 1870లో కట్టినప్పుడు సముద్రం 1,500 అడుగుల దూరాన ఉంది. పోను పోను 120 అడుగులకొచ్చేసింది. ఇక లాభం లేదని 1999లో మొత్తం స్తంభాన్నే పునాది దగ్గర కోసి, పట్టాల మీద నెట్టుకుంటూ 2,900 అడుగులు వెనక్కి జరిపారు. 2020 తర్వాత రోడాంతే, బక్స్‌టన్ ఊళ్ళల్లో పదికి పైగా ఇళ్ళు దుంగలతో సహా సముద్రంలో కూలిపోయాయి. ఆ వీడియో చూసి నాన్న రెండు రోజులు మనసు పాడుచేసుకున్నాడు. ఇళ్ళు పోయినందుకు కాదు. "మరి హద్దురాయి యాడ పాతతారు? ఎఫ్‌ఎంబీలో ఎట్ట గీస్తారు? నీళ్ళలో కలిసిన సెంట్లని అడంగల్‌లో ఏమని రాస్తారబ్బయా?" నా దగ్గర జవాబు లేదు. ఇల్లు మాత్రం ఉత్తరాన కరాలా వైపు తీసుకున్నాం.

ద్వీపాలే కదిలే చోటికి శనివారం పొద్దున ఆరింటికి కదలాలని తీర్మానం. తొమ్మిదిన్నరకి కదిలాం. "బయల్దేరిపోయాం" అని గ్రూపులో మెసేజ్ పెట్టినవాళ్ళు అప్పటికి స్నానాలు చేస్తున్నారు. దారిలో రోనోక్ ద్వీపం వస్తుంది. 1587లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగి కాపురాలు పెట్టారు. మూడేళ్ళకి వాళ్ళ గవర్నరు తిరిగొచ్చి చూస్తే ఒక్కరూ లేరు, ఎటు పోయారో ఇప్పటికీ తేలలేదు. మా నాలుగు కార్లూ సరిగ్గా అక్కడే విడిపోయాయి. ఒకటి గ్యాసుకి, ఒకటి బాత్రూముకి, ఒకటి మరిచిపోయిన పెరుగు కొనడానికి.

అక్కడి ఇళ్ళు చాలావరకు శనివారం నుంచి శనివారానికే అద్దెకిస్తారు. అంటే ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ఆ రోజే ఖాళీ చేస్తారు, రావలసినవాళ్ళంతా ఆ రోజే వస్తారు. కరాలాకి వెళ్ళే రోడ్డు ఒక్కటే, వెళ్ళడానికో వరస, రావడానికో వరస. డక్ అనే ఊరి దగ్గర కారు ఆగింది. వెనక సీటులో పెద్ద స్టీలు డబ్బా నిండా దోసెల పిండి. బయట ఎండ మండిపోతోంది. కారు పది గజాలు కదిలేలోపు పిండి ఒక అంగుళం లేస్తోంది. అమ్మ మూత మీద చెయ్యి పెట్టి కూచుంది. కాసేపటికి "నా వల్ల గాదు, ఇది లేస్తానే ఉండాది" అంది. మా ఆవిడ కింద బీచ్ తువ్వాలు పరిచింది. మూత లేచింది. ఆ తువ్వాలు మరి బీచ్ చూడలేదు.

దిగాక సముద్రం సంగతి ఏమైందని అడుగుతారేమో. మొదటి రెండు రోజులూ ఎర్ర జెండా పెట్టారు, నీళ్ళలోకి దిగకూడదు. లోపలికి లాగే ప్రవాహాలున్నాయిట. పిల్లలు ఇంటి ఈతకొలనులో దిగి మళ్ళీ పైకి రాలేదు. పెద్దవాళ్ళం పైఅంతస్తు వంటింట్లోంచి ఉప్మా కలుపుతూ అట్లాంటిక్‌ని చూశాం. చెప్పుకోవాలంటే గుర్రాల్ని చూశాం. స్పానిష్‌వాళ్ళు తెచ్చిన జాతి గుర్రాలు, కరాలా దాటాక తారు రోడ్డు అయిపోయిన చోట అడవి గుర్రాలై తిరుగుతుంటాయి. వాటికి 50 అడుగుల దూరంలో ఉండాలి, ఏమీ తినిపించకూడదు, అది అక్కడి చట్టం. ఆపిల్ ముక్క కూడా వాటి ప్రాణం మీదికి తేగలదు. అమ్మ చేతిసంచీలో అప్పటికే అరటిపళ్ళున్నాయి. "మూగజీవానికి పండు పెట్టేదానికి గూడా చట్టమా?" అంది. నాన్న ఆవిడ ముందు నిలబడి, ఇసుకలో కాలితో గీత గీసి, 50 అడుగులు ఇదీ అని చూపించాడు.

ఆ వారమంతా సముద్రాన్ని పట్టించుకున్న మనిషి ఆయనొక్కడే. రోజూ పొద్దున్నే లేచి మెట్ల దగ్గర్నుంచి నీటి అంచు దాకా అడుగులు లెక్కపెట్టి చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఖాళీ చేసే రోజు ఎక్సెల్ అన్న వచ్చి, "బాబాయ్, ఇలాంటి ఇల్లు నలుగురం కలిసి కొనేస్తే ఎలా ఉంటుందంటారు?" అని అడిగాడు. నాన్న పుస్తకం తిరగేసి తీర్పు చెప్పాడు. "అద్దెకి బాగుండాది. కొనబాకండి."

మీరెవరైనా ఆ వైపు వెళ్ళేట్టయితే నాలుగు మాటలు. ఎర్ర జెండా ఉంటే దిగకండి. నీళ్ళు లోపలికి లాగితే ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. దుప్పట్లూ తువ్వాళ్ళూ అద్దెలో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి, చాలా ఇళ్ళకి ఉండవు. పిండి డబ్బాలో సగానికే పొయ్యండి.