మోకాళ్ళు చూసిన సిమ్లా

కోనసీమలో పుట్టినవాడికి ఎత్తంటే ఏటిగట్టే. దాన్నెక్కడానికి కూడా సైకిలు దిగి తోసుకుంటూ పోయే జాతి మాది. అలాంటి నన్ను మా ఆవిడ 2,200 మీటర్ల ఎత్తున ఉన్న సిమ్లాకి బయల్దేరదీసింది.

పోవడం దర్జాగానే పోయాం. కాల్కాలో టాయ్ ట్రైను ఎక్కితే 96 కిలోమీటర్లు, వందకు పైగా సొరంగాలు. 1903 నాటి లైను. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా కేకలందుకుంటారు. బరోగ్ సొరంగం మాత్రం కిలోమీటరు పైమాటే. సగం దారిలోనే ఊపిరి చాలక వాళ్ళే ఊరుకున్నారు.

దిగాక తెలిసింది, ఆ ఊళ్ళో ఉన్నవి రెండే దిక్కులని: పైన, కింద. ఎవర్ని ఏ దారి అడిగినా "బస్, పాంచ్ మినట్" అని వేలు ఆకాశంలోకి చూపిస్తారు. ఆ అయిదు నిమిషాలు వాళ్ళ కాళ్ళవి.

"రెండో అంతస్తే కదండీ, లిఫ్టెందుకు?" అని మా ఆవిడ హోటలు గది ముందే ఖాయం చేసేసింది. తీరా వెళితే, రోడ్డు మీంచి అడుగుపెట్టిందే అయిదో అంతస్తు! కొండవాలున కట్టిన ఇల్లు కదా, రోడ్డు దాని నెత్తిన ఉంటుంది. గదికి మూడంతస్తులు దిగాలి. పొద్దున్నే టీ చుక్క కోసం బయటికి రావాలంటే మూడంతస్తులు ఎక్కాలి. టీ కొట్టు దగ్గరికి చేరాక జేబు తడుముకుంటే పర్సు గదిలో ఉండేది.

కార్ట్ రోడ్డు నుంచి మాల్ రోడ్డుకి టికెట్టు లిఫ్టు ఉంది, రెండు విడతల్లో తీసుకెళుతుంది. ఊరికే లిఫ్టు పెట్టారంటే ఊరెలాంటిదో చూడండి. క్యూ చూసి భయపడి మెట్లెక్కుతుంటే, వీపు మీద గ్యాస్ సిలిండర్లు కట్టుకున్న కాశ్మీరీ హమాలీ ఒకాయన నన్ను తాపీగా దాటిపోయాడు. నేను మోస్తున్నది మా ఆవిడ శాలువా. ఆ తర్వాత పైకి వినబడేలా ఆయాసపడటం మానేశాను.

1864లో ఈ ఊరిని వేసవి రాజధాని చేసుకున్న దొరలు మాత్రం ఏం నడిచారు గనక! మాల్ మీద గుర్రబ్బండి తోలే హక్కు వైస్రాయి లాంటి కొద్దిమంది పెద్దలకే. మిగతా దొరలూ దొరసానులూ రిక్షాల్లో కూర్చుని మనవాళ్ళ చేత లాగించుకున్నారు. చల్లగాలి వాళ్ళకి, చెమట మనకి.

ఊరు మొత్తానికి కాస్త చదునుగా కాలుమోపే చోటు రిడ్జి. అక్కడ కురిసిన వాన ఒకవైపు జారితే సట్లెజ్‌లో కలిసి అరేబియా సముద్రానికి, రెండోవైపు జారితే యమునలో కలిసి బంగాళాఖాతానికి పోతుంది. ఆ మాట చెప్పగానే మా ఆవిడ మన సముద్రం వైపు బెంచీ చూసుకుని కూర్చుంది.

"నీళ్ళదే సుఖమండీ, దిగడమే గాని ఎక్కడం లేదు" అంది.

ఆఖరున జాఖూ కొండ. పైన 108 అడుగుల ఆంజనేయస్వామి, దారి పొడవునా ఆయన పరివారం. ఆ కోతులకు కళ్ళజోడు మీద మక్కువ ఎక్కువ. గుడి మెట్ల మీద నాది పోయింది. ప్రసాదం కొట్టు కుర్రాడు శనగల పొట్లం విసిరితే, కోతి బేరం ఒప్పుకుని కళ్ళజోడు కిందికి గిరాటేసింది, నేను అంతసేపూ ఎక్కొచ్చిన మెట్లన్నిటికీ కింద.

దిగి తెచ్చుకున్నాను. మళ్ళీ ఎక్కలేదు. దర్శనం మా ఆవిడ ఒక్కతే చేసుకొచ్చింది. 108 అడుగుల స్వామి కదా, నాకు కిందినుంచే బాగా కనిపించాడు.