గోడ దూకినవాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారుల వారి దివ్యసముఖమునకు, గోదావరి కాలవ గట్టున కిరాణా కొట్టు నడుపుకొను ఒక చిరువ్యాపారి వ్రాసుకొను విన్నపము ఏమనగా—

ఇంతకు మించి గ్రాంథికం నా వల్ల కాదండి. రెండు జబ్బలూ నొప్పిగా ఉన్నాయి. మొన్న పొద్దున్నే పాల ట్రే దించుకుంటుంటే వీధికుక్క ఒకటి వచ్చి పిక్క పట్టుకుంది. సబ్బు రుద్ది, పంపు కింద పావుగంట కడిగి, పంచె ఎగ్గట్టి పీహెచ్‌సీకి పరుగెత్తాను. నర్సమ్మ అప్పుడే వచ్చి తలుపులు తీస్తోంది. కుడి జబ్బకొకటి, ఎడమ జబ్బకొకటి సూది వేసి, దూది బుట్టలో పడేస్తూ అడిగింది: “ఏవండీ బాబాయ్ గారూ, ఇది ఏ కంపెనీదో అడగలేదేం?”

బెంచీ మీద కూర్చున్న నలుగురూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు తమకు అర్థం కావాలంటే 2021 మార్చి సంగతి చెప్పాలి.

ఆ ఏడు జనవరి 16న కరోనా టీకాలు మొదలయ్యాయి. ముందు ఆస్పత్రి సిబ్బందికి వేశారు. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకీ, నలభై అయిదు దాటి జబ్బులున్నవాళ్లకీ అన్నారు. నాకప్పటికి యాభై ఆరు. షుగరుంది. అంటే తమ జాబితాలో ముందు వరస మనిషిని. ఓ మధ్యాహ్నం నర్సమ్మ, ఆశా వర్కరు, వలంటీరు కుర్రాడు ముగ్గురూ మా గుమ్మంలోకి వచ్చారు. వాళ్ల గొంతులు వినపడగానే నేను పెరటి గోడ దూకేశాను. అవతల మా పాలికాపు పెంటకుప్ప మెత్తగా ఉండబట్టి కాలు విరగలేదు. “ఆయన ఊళ్లో లేరండి” అంది మా ఆవిడ. అబద్ధం బాగానే చెప్పింది గానీ, నా చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. నర్సమ్మ వాటిని చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయిందట.

దేశంలో నాకంటే ముదుర్లున్నారు లెండి. ఆ మే నెలలో ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లాలో టీకా బృందాన్ని చూసి జనం సరయూ నదిలోకే దూకారు. మరోపక్క బీహార్‌లో ఎనభై నాలుగేళ్ల పెద్దాయన పదకొండు డోసులు వేయించుకున్నానని చెప్పుకున్నాడు, వేసుకుంటే ఒళ్లునొప్పులు తగ్గుతున్నాయట. ఆయన వాటాలో నాది కూడా ఉండుంటుంది.

మాకు సూదంటే భయమని తమ నివేదికల్లో రాసుకుని ఉంటారు. తప్పండి. మా ఊళ్లో సూది వెయ్యని డాక్టరు డాక్టరే కాదు. ఆర్‌ఎంపీ దగ్గరికి జ్వరంతో వెళ్తే, ఉత్త మాత్రలిచ్చాడంటే మొహం మాడ్చుకుని వస్తాం. “ఓ సూది పొడిచెయ్యండి, రేపు ఊడ్పులున్నాయి” అని మేమే జబ్బ చూపిస్తాం. తుప్పుమేకు గుచ్చుకుంటే టీటీ వేయించుకోందే అన్నం దిగదు. సెలైను ఎక్కించుకున్నవాడు వారం రోజులు దాని గురించి చెప్పుకుంటాడు. ఆ సీసాలో ఏముందో ఎవడూ అడగడు. ఇక కుక్క కరిస్తే సరేసరి. మా చిన్నప్పుడు దానికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడుతో తయారుచేసిన మందట అది, ఈ శతాబ్దం వచ్చాక గానీ మన దేశంలో ఆగలేదు. అయినా పొట్ట పట్టుకుని వెళ్లేవాళ్లే తప్ప గోడ దూకినవాడు లేడు. పిచ్చికుక్క కాటు జబ్బు బయటపడితే మనిషి దక్కడని ఊరందరికీ తెలుసు.

అంతెందుకు, 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలమంది బారులు తీరారు. మా ఊరినుంచి కూడా ఒక వ్యాన్ వెళ్లింది. అందులో ఎక్కినవాళ్లలో ఒక్కరైనా “దీనిమీద పరీక్షలు జరిగాయా?” అని అడిగినట్టు నాకు గుర్తులేదు. అదే జనం తమ టీకా దగ్గరికొచ్చేసరికి శాస్త్రవేత్తలైపోయారు. “ఇది ఏ కంపెనీది? ఇంత తొందరగా ఎలా తయారుచేశార్రా?” అని నా కొట్టు అరుగు మీదే పెద్ద చర్చ. నేనూ బీడీ కట్ట విప్పుతూ ఓ మాట విసిరినవాణ్ణే.

ఇందులో మర్మం ఏమిటంటే, ఆనందయ్య గారు ఎదుట నిలబడి తన చేత్తో, డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ఆర్‌ఎంపీ పొడిచిన చోట వాస్తే మర్నాడు టీ కొట్టు దగ్గర నిలదీయొచ్చు. “అదేం లేదు, కాపడం పెట్టు” అంటాడు. మరి తమరినెక్కడ పట్టుకోవాలి? తమ తరఫున మాతో మాట్లాడింది కాలర్ ట్యూన్. మొదట్లో దగ్గింది. తర్వాత టీకా మంచిదంది, వదంతులు నమ్మొద్దంది. అల్లుడికి ఫోన్ చేసినా, గ్యాస్ బండకి ఫోన్ చేసినా అదే మాట. షుగరున్నవాడు వేసుకోవచ్చా? జ్వరమొస్తే ఎన్నాళ్లుంటుంది? ఏమైనా అయితే ఎవరికి చెప్పుకోవాలి? నా దగ్గరున్నవి ఈ మూడే. ట్యూన్‌ని తిరిగి అడిగే వీల్లేదు. నేనడిగింది వదంతి కాదండి, సందేహం. తమ శాఖలో రెంటినీ ఒకే ఫైల్లో పెట్టినట్టున్నారు.

దానికి తోడు, అదే ఏడు ఏప్రిల్ 15న తమిళ హాస్యనటుడు వివేక్ చెన్నైలో టీకా వేయించుకున్నారు. ‘శివాజీ’, ‘అపరిచితుడు’ సినిమాలతో మాకూ తెలిసిన మొహం. జనానికి ధైర్యం చెప్పడానికే వేయించుకున్నారు. 17న గుండెపోటుతో పోయారు. గుండె రక్తనాళం ముందే పూడుకుపోయి ఉందని డాక్టర్లు చెప్పారు, టీకాకీ చావుకీ సంబంధం లేదని కేంద్ర కమిటీ కూడా తేల్చింది. తేల్చిన సంగతి అక్టోబరులో బయటికొచ్చింది. చావు కబురు రాకెట్టెక్కి వస్తే, వివరణ ఎడ్లబండి మీద వచ్చిందన్నమాట. ఆ ఆరు నెలలూ అరుగు మీద నోరున్నవాడిదే రాజ్యం.

వివరణ ఇలా ఆలస్యంగా రావడం ఇవాళ్టి జబ్బు కాదట. మా మేనల్లుడు చదువుకున్నవాడు, చెప్పాడు. 1897లో బొంబాయిలో హాఫ్కిన్ అనే ఆయన ప్లేగు టీకా తయారుచేసి, ముందు తనకు తానే పొడుచుకున్నాడు. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో ఒకే సీసాలోని మందు వేసుకున్న పంతొమ్మిది మంది ధనుర్వాతంతో చనిపోయారు. మందులో లోపం లేదు. సీసా మూత తీసిన పటకారు అంతకుముందు నేలమీద పడిందట. అయినా హాఫ్కిన్ ఉద్యోగం పోయింది. మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రొనాల్డ్ రాస్ లాంటివాళ్లు పత్రికలకెక్కి పోరాడితే గానీ, 1907 దాకా ఆయన మీద మచ్చ పోలేదు. అయిదేళ్లు! ఈ లెక్కన తమరు ఆరు నెలల్లో తేల్చడం మెచ్చుకోవలసిందే. ఈ మాట మాత్రం వెటకారం కాదు.

సరే, నేనెందుకు మారానో చెబుతాను. ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. నా కొట్టు ఎదురుగా మిషను కుట్టే మనిషి ఆక్సిజన్ బెడ్డు దొరక్క పోయాడు. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. మార్చిలో మా గుమ్మందాకా నడిచొచ్చిన సూది కోసం, మే నెలలో తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి వరసలో చెప్పులు పెట్టాను. అవే చెప్పులు. పది దాటాక ఎవరో వచ్చి “స్టాకు లేదు, పొండి” అన్నారు. మూడుసార్లు అదే మాట. ఉన్నప్పుడు మేం లేం, మేమున్నప్పుడు అది లేదు.

జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజులో పదమూడు లక్షల పైచిలుకు డోసులు వేశారని పేపర్లో రాశారు. అందులో ఒకటి నాది. ఆ రోజు నర్సమ్మ నా చెప్పుల ఊసెత్తలేదు. సూది వేసి, కాగితంలో నాలుగు మాత్రలు చుట్టి చేతిలో పెట్టింది. “రాత్రికి జ్వరమొస్తుందండి బాబాయ్ గారూ, చలి కూడా పుడుతుంది. కంగారు పడకండి, ఇదొకటి వేసుకోండి. ఎల్లుండికీ తగ్గకపోతే నాకు చెయ్యండి” అని కాగితం వెనక తన నంబరు రాసిచ్చింది. రాత్రి పదకొండింటికి జ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూడా నాకు భయమెయ్యలేదు. వస్తుందని చెప్పిన మనిషి చెప్పింది, చెప్పినట్టే వచ్చింది. ఇంకేం కావాలి? నేను ఫోన్ చేసే పని లేకపోయింది. మర్నాడు సాయంత్రం ఆవిడే చేసింది.

నాకు తెలిసి తమ శాఖ మొత్తంలో తిరిగి ఫోన్ చేసింది ఆవిడొక్కతే.

మా అమ్మ సంగతి వేరు. ఆవిడ జబ్బ మీద రూపాయి బిళ్లంత మశూచి టీకా మచ్చ ఉంది. మొదట్లో వేసేవాళ్లొస్తే గడ్డివాము వెనక దాక్కున్న పిల్లే. ఆ యేడే ఇంట్లో అమ్మవారు పోసింది. మా పిన్నికి మొహమంతా గుంటలు పడ్డాయి, పెళ్లి కాలేదు. 2021లో అమ్మ ఒక్క ప్రశ్నా వెయ్యకుండా జాకెట్ చెయ్యి పైకి లాక్కుంది. “గోడ దూకడానికి మీకు కాళ్లు మిగిలాయి, అందుకే దూకుతున్నారు” అంది నన్ను చూసి.

ఇక 2022లో మూడో డోసు వచ్చింది. బూస్టరనకుండా ప్రికాషన్ డోసన్నారు. జులై నుంచి డెబ్బై అయిదు రోజులు ఉచితమన్నా మా ఊళ్లో పట్టుమని పదిమంది వెళ్లలేదు. భయం పోయింది, దాంతో టీకా మీద ప్రేమా పోయింది. 2024లో ఇంకో గొడవ. కోవిషీల్డు రకం టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టొచ్చని లండన్ కోర్టు కాగితాల్లో కంపెనీ ఒప్పుకుందని గోల. అదే వారంలో సర్టిఫికెట్ మీద ప్రధాని ఫొటో లేదని జనం గమనించారు. అది ఎన్నికల కోడ్ వల్ల. ఆ మాట మాదాకా రాలేదు, అరుగు మీద మాత్రం రెండూ కలిపి కథ అల్లేశారు. గడ్డల సంగతి యూరప్‌లో 2021లోనే అందరికీ చెప్పారట. ఆ ముక్కేదో మాకూ అప్పుడే చెబితే ఏం పోయేది? జ్వరం వస్తుందంటే తట్టుకున్నవాళ్లం, అదీ తట్టుకునేవాళ్లం. నూటికి నూరుపాళ్లు మంచిదే అని చెప్పి, మూడేళ్లకి ఇంకెవడి నోటో వినిపిస్తేనే గోడ గుర్తొస్తుంది.

తమ పీహెచ్‌సీ గోడ నిండా చంటిపిల్లల బొమ్మలే. రెండు చుక్కలు, తల్లి ఒడి, నవ్వే పాప. చూడ ముచ్చటగా ఉన్నాయి. అరవై దాటినవాడి బొమ్మ ఒక్కటి లేదు. ఫ్లూకీ, న్యుమోనియాకీ, సర్పికీ పెద్దవాళ్లకి టీకాలున్నాయని మొన్న బెంచీ మీద కూర్చున్నప్పుడు నర్సమ్మ చెబితేనే తెలిసింది. సర్పి టీకా ప్రైవేటులో వేలల్లో ఉందట, ఆ లెక్క తర్వాత చూసుకుంటాను. ముందు అలాంటిదొకటుందని నాకు చెప్పవలసింది తమరు కాదా?

నా కోరిక పెద్దది కాదు. కుక్కకాటు సూదులు మూడో రోజు, ఏడో రోజు, ఆఖరిది ఇరవై ఎనిమిదో రోజు వెయ్యాలి. నర్సమ్మకి బదిలీ ఆర్డర్లు వస్తున్నాయని బెంచీ మీద చెప్పుకుంటున్నారు. దయచేసి నా ఆఖరి సూది అయ్యేదాకానైనా ఆవిణ్ణి ఇక్కడే ఉంచగలరని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
చెప్పులు గుమ్మంలో వదిలి గోడ దూకినవాడు