డ్రైవర్లు కావలెను (జీతం అడగనివారు)

బెజవాడ ఆటోనగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక గోడ మీద "డ్రైవర్ కావలెను" అని ఉంటుంది. హెవీ లైసెన్సు ఉండాలి, అనుభవం ఉండాలి, తాగుడు ఉండకూడదు. కింద ఫోన్ నంబరు. జీతం ఎంతో మాత్రం ఉండదు. ఫోన్ చేస్తే, "ముందు వచ్చి బండెక్కవయ్యా, పని చూసి ఇద్దాం" అంటారు.

డ్రైవర్ల కొరత మీద ఈమధ్య ఒక సభ జరిగితే నన్నూ పిలిచారు. ఏసీ హాలు. ఉప్మా పెసరట్టు బాగుంది, అబద్ధమెందుకు. మొదటి వక్త కుర్రకారు సోమరులైపోయారన్నారు. రెండో ఆయన తప్పంతా బైకు మీద బిర్యానీ మోసే ఉద్యోగాలదని తేల్చారు. వాటివల్ల పిల్లలు రాత్రికి ఇంటికెళ్లి పడుకోవడం మరిగారట. మూడో ఆయన డాక్టరు. డ్రైవర్లు రోజూ నలభై నిమిషాలు నడవాలన్నారు. నాలుగో ఆయన ప్రాణాయామం చేసి చూపించారు. చివర్లో పాతికేళ్లుగా యాక్సిడెంటు చేయని పెద్దాయన్ని వేదిక ఎక్కించి, మే నెల ఎండల్లో ఉన్ని శాలువా కప్పి ఫొటో తీశారు. మొత్తం సభలో "జీతం" అన్న మాట ఒక్కసారే వినబడింది. అదీ ఒకాయన "జీవితం" అనబోయి నోరు జారినప్పుడు.

జీతం సంగతి ఓనర్లను అడిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది. "జీతందేముందండీ, పైన బత్తా ఉంటుంది, మైలేజీ డబ్బులుంటాయి, దారిలో మిగుల్చుకునేవి ఉంటాయి. వాళ్లకి దాచుకోవడం రాదు గానీ."

ఈ మిగుల్చుకోవడం ఎలా ఉంటుందో చూద్దామని ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఓ మధ్యాహ్నం కూర్చున్నాను. కోల్‌కతా దాకా 1,200 కిలోమీటర్లు వెళ్లి, అంతే దూరం తిరిగొచ్చిన డ్రైవరు గుమాస్తా ముందు నిలబడ్డాడు. పక్కనే కుర్చీ ఉంది, కూర్చోలేదు. చొక్కా జేబులోంచి బీడీకట్ట కాగితం తీశాడు. లెక్కంతా దాని వెనకే ఉంది.

"పంక్చర్లు రెండు సార్."

"బిల్లులేవి?"

"రాత్రి రెండింటికి రోడ్డు పక్కన వేశాడండీ, బిల్లెక్కడిస్తాడు?"

"ఒకటి రాస్తా. తర్వాత?"

"దారి ఖర్చు." అంటే మామూళ్లు. లంచానికి ఇంత మర్యాదైన పద్దు పేరు పెట్టినవాడెవడో గానీ, వాడికి కప్పాలి శాలువా.

"ఇంతా? పోయిన ట్రిప్పువాడు ఇందులో సగమే రాశాడే!"

"పోయిన ట్రిప్పుకి బ్రేకు ఇన్‌స్పెక్టరు రోడ్డు మీద లేడు సార్."

"బతిమాలుకోవాలయ్యా నువ్వు."

ఆఖర్న డీజిల్ వచ్చింది. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని ఆఫీసు ఒక గీత గీసి పెట్టుకుంది. ఊళ్ల మధ్య ట్రాఫిక్‌లో ఇంజను ఎంత కాలినా, పైన ఎంత బరువున్నా ఆ గీత జరగదు. తగ్గినదంతా అతని బత్తాలోంచి కోశారు. చివరికి అతనికి మిగిలింది ఆ బీడీ కాగితం. దాన్ని కూడా గుమాస్తా వోచరుకు గుచ్చి ఫైల్లో పెట్టేశాడు.

ఓనరుకు బాధలు లేవని కాదు. మన దగ్గర ఎక్కువమంది ఒకటి రెండు బళ్లవాళ్లే. కిరాయి తేల్చేది సరుకు పంపేవాడు, మధ్యలో బ్రోకరు. టైరుతో బేరమాడలేం. ఫైనాన్సువాడు తారీఖు దాటనివ్వడు. టోలుగేటులో ఫాస్టాగ్ అయితే అడగను కూడా అడక్కుండా లాగేసుకుంటుంది. ఇన్ని ఖర్చుల్లో "ఈ నెలకి సర్దుకో" అంటే వినే చెవులున్నది డ్రైవరొక్కడికే. అతనైనా తన కిందివాడి మీద అరుద్దామంటే, చాలా బళ్లలో ఇప్పుడు క్లీనరే లేడు. పట్టా కట్టేదీ, తాడు బిగించేదీ, రాత్రి డీజిల్ ట్యాంకుకు కాపలా పడుకునేదీ అతనే.

2018లో కేంద్రం యాక్సిల్ లోడు పెంచింది. పది టైర్ల లారీ సరుకుతో కలిపి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు ఎదిగింది. అదనపు మూడున్నర టన్నులకు కిరాయి ఎవరికి ముట్టిందో వాళ్లనడగండి. వాటిని బ్రేకు మీద కాలేసి ఆపాల్సినవాడికి ముట్టింది బరువే.

సరుకుకైతే గడియారం ఉంది. ఈ-వే బిల్లు ప్రకారం 200 కిలోమీటర్లకు ఒక రోజు, గడువు దాటితే తప్పు. మనిషికీ ఒక గడియారం పెట్టారు, 1961లో. మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. అయితే అది ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న చోటికే. మన ఓనర్లలో నాలుగుతో లెక్క ఆపేసినవాళ్లే ఎక్కువ. ఆ చట్టాన్ని ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. డ్రైవరు సగటున రోజుకు దాదాపు 12 గంటలు స్టీరింగు ముందే ఉంటున్నాడని సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో చెప్పింది. నెలంతా అలాగే తిరిగాడనీ, జీతం 20,000 అనీ అనుకుందాం. గంటకు 55 రూపాయలు. గేటు బయట లోడు కోసం పడిగాపులు పడ్డ గంటలు ఇందులో లేవు. అవి ఎవరి లెక్కలోనూ లేవు.

ఆ గంటల కోసమే నా దగ్గరొక ఉపాయం ఉంది. ఫాస్టాగును అద్దానికి కాకుండా డ్రైవరు నుదుటికి అంటించాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆగిందో లేదో టింగుమనాలి. అన్‌లోడు అయ్యేదాకా గంటకింత చొప్పున సరుకువాడి ఖాతాలోంచి నేరుగా డ్రైవరు ఖాతాలో పడాలి. మధ్యలో గుమాస్తా చెయ్యి తగలకూడదు. "హమాలీలు రాలేదు, రేపు చూద్దాం" అనే చోట హమాలీలు గోడ దూకి మరీ వస్తారు. ఇదే మాట సభలో అన్నాను. "మీరు హాస్యంగా రాస్తారండీ" అని మెచ్చుకుని నాకూ ఒక శాలువా కప్పారు.

ప్రభుత్వం మాత్రం ఊరుకోలేదు. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేసింది. మొన్న సూర్యాపేట దగ్గర ధాబాలో అలాంటి కొత్త బండి కనబడింది. అద్దాలు రెండూ దించి ఉన్నాయి. డ్రైవరు మెడ చుట్టూ తడి తువ్వాలు.

"ఏసీ పనిచేయట్లేదా అన్నా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తదండీ. వేస్తే డీజిల్ తాగుద్ది. మైలేజీలో పట్టేసుకుంటారు."

లోపలికి తొంగి చూశాను. గాలి వచ్చే కన్నాలకు కంపెనీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. ఒకదానికి మాత్రం చింపి సెల్‌ఫోన్ స్టాండు తగిలించుకున్నాడు.