హరీసు అసలుది, ఉన్మాదము నకలుది

ఈ మధ్య మన కథకులను, చలనచిత్రకర్తలను వాస్తవికత యను క్రొత్త వ్రతమొకటి పట్టుకొన్నది. కథ జరుగు పేట ఏదైనను సరే, అచ్చటి గోడలకు సున్నపు పెచ్చులూడిన తీరు మొదలుకొని చాయి గ్లాసు అడుగున కరగక మిగిలిన చక్కెర పలుకుల వఱకు సర్వమును యథాతథముగా చూపవలెనని వారి పట్టుదల. ఈ పట్టుదలను తక్కువచేసి మాట్లాడుట నా యుద్దేశము కాదు. అయితే ఈ వ్రతమునకు మినహాయింపొకటి కలదు: కథలోనికి మతి చెడినవాడొకడు కాలు పెట్టెనా, ఆ గడపయొద్దనే వ్రతమునకు ఉద్యాపనము జరిగిపోవును.

ఒక దర్శకుడు, అట్టివాడింకను పుట్టలేదనియే అనుకొందము, హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసనున్న బార్కస్‌లో మనోవ్యాధిని గూర్చిన కథ తీయ సంకల్పించెననుకొనుడు. నిజాము కొలువులో సిపాయిలుగా నుండుటకై యెమెన్ దేశమందలి హద్రమౌత్ సీమనుండి వచ్చిన అరబ్బుల సంతతివారు తరతరములుగా కాపురముండు పేట యది. కళాదర్శకుడు అందఱికంటె ముందుగా అచ్చట దిగును. తెల్లవాఱకమున్నే హరీసు బట్టీలు రాజుకొనుట, గోధుమయు మాంసమును ఏకమై గరిటెకు సాగునంతవఱకు ఉడుకుట, దానిపై నెయ్యి పోయుట, కొందఱు చక్కెర వేయించుకొని తినుట, గళ్ళలుంగీలు కట్టిన పెద్దలు అరుగులపై చేరుట, తోపుడుబండ్లపై పేర్చిన బార్కస్ జామకాయలు, అత్తరు దుకాణములలోని ఊదు పరిమళము (పరిమళము తెరపై కనబడదని ఎవరైన గుర్తుచేయువఱకు) అన్నియు ఆయన పుస్తకమున కెక్కును. లుంగీ గళ్ళు పెద్దవా చిన్నవా యను విషయమై ఒక పూట చర్చ జరుగును. దక్కనీ సంభాషణలో ‘నక్కో’ యెచ్చట పడవలెనో చెప్పుటకు పేటవాడొకనికి దినవేతనము ఏర్పాటగును. అటుపిమ్మట, ఇంత శ్రద్ధతో నిలబెట్టిన ఆ వీధి నడుమకు, జుట్టు విరియబోసికొని, ఒక గుండీని వేఱొక కాజాలో దోపుకొని, ఆకాశమువంక చూచి వికటాట్టహాసము చేయుచు, ఏ పేటలోను ఏనాడును ఎవ్వరును చూచి యెఱుగని ఉన్మత్తుడొకడు ప్రవేశించును. లుంగీ గళ్ళు కొలుచుటకు మనిషి దొరకెను గాని, ఇతనిని కొలుచుటకు ఎవ్వరును ఎక్కడికిని పోలేదు. ఇతడు పాత చిత్రముల పెట్టెలో సిద్ధముగా దొరకెను.

ఆ పెట్టె మిక్కిలి పురాతనము. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’ చిత్రమున ఆస్పత్రి నర్సు రోగిని ప్రేమించినట్లు నటించి అతనిని స్వస్థపఱచి, తుదకు తానే ఆ యాస్పత్రిలో రోగియగును. అంతకుముందటి యేడు బెంగాలీలో వచ్చిన ‘దీప్ జ్వేలే జాయ్’ దానికి మూలము. నర్సు పాత్ర ధరించిన సావిత్రి నటనను గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. మనవారు మాత్రము ఆ నటనను విడిచి సూత్రమును పట్టుకొనిరి: పిచ్చి ప్రేమచే పుట్టును, ప్రేమచే కుదురును, మిగిలిన పక్షమున ప్రక్కవారికి అంటుకొనును. ఇక 2005వ సంవత్సరము ఈ శాస్త్రమునకు స్వర్ణయుగము. ఆ యొక్క యేటనే ‘చంద్రముఖి’లో అమెరికానుండి వచ్చిన మానసికవైద్యుడు మంత్రవేత్తతో పొత్తు కలిపి, ఒక బొమ్మను తగులబెట్టించి, దానితోపాటు వ్యాధినిగూడ దహనము చేసెను, ‘అపరిచితుడు’లో ఒక్క దేహమునందు ముగ్గురు కాపురముండి, అందొకడు గరుడపురాణమందలి శిక్షలను అమలు జరిపెను, ‘గజిని’లో తలకు తగిలిన దెబ్బ నాయకునికి పదునైదు నిమిషముల జ్ఞాపకమును మాత్రమే మిగిల్చెను. మూడును తమిళమునుండి దిగుమతియైనవే; విరుగబడి చూచినవారము మనము. ఆ యేడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చీటీకై నిలిచిన జనములో ఒక్కరికైన ఇంత రమణీయమైన జబ్బు ఉండియుండదని నా నమ్మకము.

సీమదేశపువారు దీనికి అతీతులని యనుకొనరాదు. గణితవేత్త జాన్ నాష్ జీవితముపై 2001లో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ చిత్రములో ఆయనకు లేని స్నేహితుడొకడు కండ్లయెదుట తిరుగాడును. నిజమైన నాష్‌ను వేధించినవి ముఖ్యముగా చెవిలోని గొంతుకలు. గొంతుకకు ముఖము లేదు గనుక వారు ముఖము నొకదానిని అద్దెకు తెచ్చిరి. ఆయన 1970 తరువాత మందులు మానివేసినను, చిత్రములో క్రొత్త మందులు వాడుచున్నట్లు చెప్పించిరి. చూచువారు మందులు మానుదురేమో యను భయముతో చెప్పిన అబద్ధమట యది! అబద్ధమే యైనను రోగియొక్క మేలు తలచి చెప్పినది. మన పెట్టెలో అట్టిదైన లేదు.

“వ్యాధి కనబడదు గదా, కనబడనిదానిని చూపుట యెట్లు?” అని దర్శకుడు నన్నడుగును. న్యాయమైన ప్రశ్నయే. బార్కస్‌లోనే ఒక చాయి హోటలున నేను చూచిన మనుష్యుని గూర్చి చెప్పెదను. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి పాపట తీసిన జుట్టు, నలుబదికి లోపు వయస్సు. అతని చేయి వణకును. అది ఉన్మాదపు వణకు కాదు, ఉన్మాదమునకు వాడు మాత్రల వణకు. హోటలువాడు అడుగకయే సగము గ్లాసు చాయి పోయును; అది ముగిసిన పిమ్మట ప్రక్కకు వచ్చి మిగిలిన సగము పోయును; డబ్బు ఒక్క గ్లాసునకే పుచ్చుకొనును. ఆ హోటలులో దీనిని గూర్చి ఎవ్వరును ఒక్క మాటైన అనరు. నెలకొకసారి బావమఱది ఒకనాటి కూలి వదలుకొని, నగరమును ఈ కొసనుండి ఆ కొసకు దాటి, అతనిని ఎర్రగడ్డకు వెంటబెట్టుకొని పోవును. మెడలో తావీజు కలదు, జేబులో మాత్రల చీటీ కలదు. రెండింటికిని ఎన్నడును పోట్లాట లేదు. దర్శకుడు మూడవ అంకమునకై దాచుకొన్న విజ్ఞానమునకును మూఢవిశ్వాసమునకును జరుగు మహాసంగ్రామము ఆ యింట జరుగనే లేదు. అచ్చట జరుగు సంగ్రామము వేఱు: మాత్రలవలన ఒళ్ళు వచ్చి చొక్కా గుండీలు పట్టుట లేదనియు, పగలెల్ల మగతగా నున్నదనియు, కావున మానెదననియు అతడు, మానిన యెడల పోయిన రంజానునకు ఏమైనదో జ్ఞాపకము లేదా యని తల్లి. ఆమె ప్రతి రాత్రి మాత్ర మ్రింగెనా, నాలుక క్రింద దాచెనా యని నోరు తెఱపించి చూచును. దీనికి సంగీతము అక్కఱలేదు. కథకు కావలసిన ముడి యంతయు ఆ నోటిలోనే యున్నది.

ఇట్టిది వ్రాయుట అసాధ్యమా? గోపీచందు ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఏ దెబ్బయు తగులకయే కుంగిపోవుట చూచితిమి; రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య తన భయములోనే తాను కాపురముండుట చూచితిమి. వారిద్దరిలో నెవ్వరును ఒక దెబ్బతో పోయిన జ్ఞాపకమును మఱియొక దెబ్బతో తెచ్చుకొనలేదు. ఆ త్రోవ మూసికొనిపోలేదు, నడచువారే తగ్గిరి.

కరెంటు షాకు ఘట్టమును గూర్చియు ఒక మాట చెప్పవలెను, ఏలయన అది లేనిదే పిచ్చాస్పత్రి కథ నోరూరదని మనవారి మతము. రోగిని బల్లకు కట్టుదురు, దుష్టుడు మీట నొక్కును, దేహము విల్లువలె వంగును. మత్తుమందును, కండరములను సడలించు మందును ఇయ్యక ఆ చికిత్స చేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది; రోగిని గొలుసులతో కట్టుటనుగూడ అదే చట్టము నిషేధించినది. మత్తులోనున్న రోగి కాలివ్రేలు కొంచెము కదలుట తప్ప చూచుటకు ఏమియు నుండదు. కాలివ్రేలిని తెరపై చూపి టిక్కెట్టు అమ్ముట కష్టమని నేనును ఒప్పుకొందును. గొలుసుల దృశ్యము నవ్వుకొఱకు వ్రాయువారు మాత్రము 2001 ఆగస్టు 6న తమిళనాటి ఏర్వాడిలో తెల్లవాఱుజామున మనోరోగులనుంచిన పాకకు నిప్పంటుకొనినప్పుడు, గొలుసులతో కట్టబడియుండుటచే పాఱిపోలేక కాలిపోయినవారిని తలచుకొనుట మంచిది. ఆ ప్రమాదమున ప్రాణములు పోయినవారు 28 మంది.

ఇదంతయు వట్టి సినిమా గదా యని తోసివేయువారు కలరు. 2015-16లో నిమ్హాన్స్ మానసికారోగ్య సంస్థ ఆధ్వర్యమున జరిగిన జాతీయ సర్వే ప్రకారము ఈ దేశపు వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నారు. వ్యాధిని బట్టి వారిలో నూటికి డెబ్బదినుండి తొంబదిమందికి పైగా చికిత్స అందుట లేదు. దీనికి ఆస్పత్రుల కొఱతయు వైద్యుల కొఱతయు కారణములే. కాని కొడుకు మూడు నెలలుగా గదినుండి బయటకు రాకున్నను, అన్నము ముట్టకున్నను, తెరపై చూచినట్లు ఆకాశమువంక చూచి నవ్వుట లేదు గనుక ‘మావానికి పిచ్చి లేదు’ అని తండ్రి ధైర్యము చెప్పుకొనుట నేను వింటిని. ఆ ధైర్యమునకు గ్రంథకర్తలు మన వాస్తవికతావ్రతులే.

కావున అయ్యా దర్శకా, లుంగీ గళ్ళు లెక్కించుటకు వెచ్చించిన పూటలో సగము రోగికిని వెచ్చింపుడు. పుస్తకమును, కెమెరాను ఇంట విడిచి, ఒక ఉదయము ఎర్రగడ్డ ఆస్పత్రిలో చీటీ వ్రాయుచోట వరుసలో నిలువుడు. మెట్రో స్టేషనులో దిగి ఎవ్వరినడిగినను త్రోవ చూపుదురు.