సున్నాన్ని చంపే సలహాలు

"ఘన ఉత్ప్రేరకం కదా, రాయిలాంటిది. డబ్బాకి మూత లేకపోయినా ఏం కాదు." బయోడీజిల్ పని మొదలుపెట్టిన కొత్తలో నాకు దొరికిన తొలి చిట్కా ఇది. నమ్మి వారం పోగొట్టుకున్నాను. రాళ్లసున్నం గాలికి వదిలేస్తే పొడైపోతుందని బట్టీ దగ్గర పనిచేసే ఎవరినడిగినా చెబుతారు, ప్రయోగశాలకు వచ్చేసరికి మనమే మరిచిపోతాం. మన ఉత్ప్రేరకమూ ఆ సున్నమే: కాల్షియం ఆక్సైడ్. దానికి తేమ తగిలితే హైడ్రాక్సైడ్ అవుతుంది, కార్బన్ డయాక్సైడ్ తగిలితే మళ్లీ కార్బొనేట్ అవుతుంది. ఉపరితలం చెడిపోవడానికి నిమిషాలు చాలు. నూనెను మిథైల్ ఎస్టర్‌గా, అంటే బయోడీజిల్‌గా, మార్చడానికి మిథనాల్ నుంచి ప్రోటాన్‌ను లాక్కోవాల్సిన క్షార స్థానాలే మూసుకుపోతాయి. అందుకే వాడబోయే ముందు 700 డిగ్రీలు దాటేలా మళ్లీ కాల్చండి, డెసికేటర్‌లో చల్లార్చి వెంటనే వేసెయ్యండి.

సున్నం కోసం గుడ్డు పెంకులు మెత్తగా నూరితే చాలు, కాల్చడం దండగ అనేవాళ్లు ఇంకొందరు. పెంకులో ఉన్నది కార్బొనేటే. 800–900 డిగ్రీల్లో పూర్తిగా కాలితేనే 100 గ్రాముల కార్బొనేట్ 56 గ్రాముల సున్నమవుతుంది. తూకం అంతగా దిగలేదంటే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా: "నూనె ఎలాంటిదైనా ఫరవాలేదు." పాతబడ్డ కానుగ నూనెలో, బజ్జీల బండి మూకుట్లో మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పేరుకుని ఉంటాయి. అవి సున్నంతో కలిసి కాల్షియం సబ్బు కడతాయి. ఎస్టర్, గ్లిజరిన్ సరిగా విడిపోవు, అంతా చిక్కగా ముద్దకట్టి కూర్చుంటుంది. ఆ పాత్ర కడిగినవాళ్లకు తెలుసు ఆ బాధ. ముందు ఆమ్ల విలువ చూడండి. ఎక్కువుంటే ఆ ఆమ్లాలను ఆమ్ల ఉత్ప్రేరకంతోనే మిథైల్ ఎస్టర్లుగా మార్చి, నీరూ మిగిలిన ఆమ్లమూ తీసేశాకే సున్నం దగ్గరికి తేవాలి.

ఇదే పొరపాటుకు మరో రూపం ఉంది. ఎసిటిక్ ఆమ్లంలో ఇథనాల్ పోసి సున్నం వేస్తే ఇథైల్ ఎసిటేట్ వస్తుందంటారు. రాదు, కాల్షియం ఎసిటేట్ వస్తుంది. ఆమ్లం, ఆల్కహాల్ కలిపి ఎస్టర్ చెయ్యడం క్షారం పని కాదు. ఉన్న ఎస్టర్‌లో ఆల్కహాల్‌ను మార్చడమే దాని పని.

చివరగా, "వడకడితే సున్నం పోయినట్టే" అన్న ధీమా. కొంత కాల్షియం కరిగి జారిపోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14214 ప్రకారం బయోడీజిల్‌లో కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క పరీక్ష చేసి చూడండి. సున్నాన్ని మిథనాల్‌లో కాసేపు వేడిగా కలిపి, వడకట్టి, ఆ మిథనాల్‌ను మాత్రమే కొత్త నూనెలో పోయండి. ఎస్టర్ బాగా తయారైందంటే, ఇన్నాళ్లూ పనిచేసింది మీ ఘన ఉత్ప్రేరకం ఒక్కటే కాదు.