నిమ్మసోడా

రాయపూర్‌లో వీఐపీ రోడ్డు మీద సాయంత్రం ఏడు దాటితే చాలు, ‘ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బార్’ అని బోర్డున్న చోట బల్ల దొరకడం కష్టమైపోయింది. ఒకప్పుడు మగవాళ్లు తలొంచుకుని వెళ్లి తలొంచుకుని వచ్చే చీకటి గదులుండేవి. ఇప్పుడు అదే బీరును దీపాల వెలుగులో, పిల్లల అల్లరి మధ్య, పప్పన్నం తినే నాయనమ్మ పక్కన కూచుని తాగుతున్నారు. నాకిది నచ్చింది. ఇంటివాళ్ల ఎదుట కూచున్నవాడికి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నచ్చనిది ఒక్కటే. వెయిటరు ట్రే తెస్తాడు, ఎవరినీ అడక్కుండానే బీరు గ్లాసులు మగవాళ్ల ముందు, నిమ్మసోడాలు ఆడవాళ్ల ముందు పెట్టి వెళ్లిపోతాడు. ఈ రాష్ట్రంలో చట్టం అడిగేది 21 ఏళ్లు నిండాయా అని. ఆడా మగా అని అడిగేది మనం.

మొన్న మే నెలలో ఒక మిత్రుడి కుటుంబంతో కలిసి అలాంటి చోటికే వెళ్లాను. ఆయన ఇక్కడి రైల్వే వాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తాతల నాటి ఊరు విజయనగరం దగ్గర. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయ్యాక ఆ పట్టాల వెంటే పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు చాలామంది. వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడే మా మిత్రుడు ఇంట్లోకి అడుగుపెట్టగానే ఉత్తరాంధ్ర యాసలోకి దిగిపోతాడు.

ఆ రోజు విందు ఇచ్చింది వాళ్లమ్మాయి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి ఒక కంపెనీ ల్యాబులో చేరింది. ఏడాది తిరిగేసరికి జీతం పెరిగిందని, అందరినీ తనే పిలిచింది. ఈస్టుతో పని అని ఇంట్లో చెప్పిందట. ఈస్టు అనగానే మా మిత్రుడికి బ్రెడ్డే తట్టింది కాబట్టి, ‘మా పిల్ల బ్రెడ్డు కంపెనీలో ఆఫీసరు’ అని కాలనీ అంతా చెప్పుకున్నాడు.

బయట రాత్రి ఎనిమిదికి కూడా వడగాలి తగ్గలేదు. కొడుకు రెండు గోధుమ బీర్లు చెప్పాడు, తనకొకటి, తండ్రికొకటి. నాకు డాక్టరు వద్దన్నాడు కనుక మజ్జిగ. ఆడవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు, నిమ్మసోడాలు వాటంతటవే వచ్చాయి.

ఆ గోధుమ బీరు రంగు మామూలు బీరులా తేటగా లేదు. పల్చని మబ్బు పట్టినట్టుంది, పైన రెండంగుళాల తెల్లటి నురగ. కొడుకు ఉత్సాహంగా చెప్పుకుపోయాడు: పెద్ద ఫ్యాక్టరీ బీరులా కాకుండా చిన్న చిన్న తొట్టెల్లో, శ్రద్ధగా, రకరకాల రుచుల్లో చేసేదే క్రాఫ్ట్ బీరని, పుణేలో 2009లో ‘డూలాలీ’ బ్రూవరీతో ఈ ఒరవడి ఊపందుకుందని, తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు తలుపు తీసిందని, మన పక్కనున్న దుర్గ్ నుంచే 2016లో ‘సింబా’ బీరు మార్కెట్లోకి వచ్చిందని. వెనకటికి ఉక్కుకు భిలాయి పేరు చెప్పుకున్నట్టు ఇప్పుడు బీరుకు దుర్గ్ పేరు చెప్పుకోవచ్చన్నాడు.

మా మిత్రుడు ఒక గుక్క తాగి గ్లాసు వంక చూశాడు. “ఇందులో అరటిపండు వేసారేట్రా?”

“వెయ్యలేదు నాన్నా,” అంది అమ్మాయి. “బార్లీ, గోధుమ, హాప్స్, నీళ్లు, అంతే. ఆ వాసన ఈస్టు తెచ్చేది. కొంచెం వెచ్చగా పులిస్తే అరటిపండు ముందుకొస్తుంది, చల్లగా పులిస్తే లవంగం. బాగా చూడు, వెనకాల సన్నగా లవంగం కూడా ఉంటుంది.”

ఆయన మళ్లీ తాగాడు. “అవునొరే! ఉంది!”

నాయనమ్మ నవ్వింది. “దానికి చిన్నప్పట్నించీ ముక్కు పదునే. నా తరవాణి కుండ మూత తీసి వాసన చూసి, ‘ఇంకా పులవలేదు మామ్మా, రేపు తాగుదాం’ అని చెప్పీది.” ఆవిడ ఆ కుండను ఇక్కడికొచ్చాకా మానలేదు. గంజిలో అన్నం వేసి, అడుగున కొంచెం పాత పులుపు ఎప్పుడూ మిగిల్చి, ఎండాకాలమంతా నడిపించేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ తన బోరే బాసీ, అంటే నీళ్లలో నానిన చద్దన్నం, గిన్నెలో తెచ్చేది, ఈవిడ తరవాణి ఇచ్చేది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఇద్దరికీ ఒకటే. ఆ రెండు గిన్నెల మధ్య పెరిగిన పిల్లకు పులుపు సంగతి ఒకరు నేర్పాలా?

గ్లాసు సగమయ్యేసరికి మా మిత్రుడు పూర్తిగా దాసోహమైపోయాడు. “చేసినోడెవడో గాని, ఆడి చేతికి బంగారు కడియం తొడగాల,” అన్నాడు.

అప్పుడే అమ్మాయి చెయ్యి చాపింది. “నేనొక గుక్క చూస్తాను నాన్నా.”

ఆయన గ్లాసు తన వైపు లాక్కున్నాడు. కోపంగా కాదు, వేడి పాత్ర దగ్గరికి వచ్చిన చంటిపిల్ల చెయ్యి పక్కకు తోసినట్టు. “నీకెందుకే? నలుగురూ చూస్తే ఏటనుకుంటారు? రేపు సంబంధాలు చూడాల.” వెయిటరును పిలిచి తనకు ఇంకొక బీరు, ఆమెకు ఇంకొక నిమ్మసోడా చెప్పాడు.

అన్న అక్కడే ఉన్నాడు. వాడికీ ఇంకా పెళ్లి కాలేదు. వాడి గ్లాసును ఎవరూ లాక్కోలేదు.

నేను ఊరుకోలేకపోయాను. బస్తర్ సంతలకు నువ్వూ వెళ్లావు కదా, అన్నాను. అక్కడ లాందా అనే బియ్యపు బీరు కుండలు ముందు పెట్టుకుని కూచునేది ఎవరు? ఆడవాళ్లే. బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్న పిండి కలిపి పులియబెడతారు. ఈ బ్రూవరీల్లో మాల్ట్ అని పిలిచేది కూడా మొలకెత్తించి ఎండబెట్టిన గింజనే. సుమేరియన్లకు బీరు దేవత ఉండేది, పేరు నింకాసీ. యూరప్‌లో హాప్స్, పెద్ద పెద్ద వ్యాపారాలు వచ్చేదాకా ఇంటింటా బీరు కాచింది ఇల్లాళ్లే. డబ్బొచ్చాక అది మగాళ్ల పనైంది.

“అయితే అయింది గాని, మన ఆడపిల్లలు ఇలాటి చోట్ల పన్జెయ్యడానికి చట్టమే ఒప్పుకోదు గురూ,” అన్నాడాయన.

ఒప్పుకుంటుందని చెప్పాను. బార్లలో ఆడవాళ్లు పనిచెయ్యరాదన్న పాత పంజాబ్ ఎక్సైజ్ చట్టం నిబంధనను సుప్రీంకోర్టు 2007లోనే కొట్టేసింది. ఆ తీర్పుకు చాలా ముందే, 1975లో, కిరణ్ మజుందార్ ఆస్ట్రేలియాలో బీరు తయారీ చదువు ముగించి బ్రూమాస్టరై తిరిగొచ్చింది. ఆడది కాబట్టి మన దేశంలో బ్రూమాస్టరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. అదే పులియబెట్టే విద్యతో 1978లో బయోకాన్ పెట్టింది. బీరు మనకు దక్కలేదు గాని మందులు దక్కాయి. కానీ ఆ ఒక్క మనిషికి కలిసొచ్చింది కదా అని, తలుపు మూసినవాళ్ల తప్పు ఒప్పైపోదు.

మా మిత్రుడు శ్రద్ధగానే విన్నాడు. “ఆవిడకేటి గురూ, ఆళ్ల నాన్నే యునైటెడ్ బ్రూవరీస్‌లో బ్రూమాస్టరు. తండ్రే దగ్గరుండి దారి చూపించాడు. మనం వాగన్లు బాగుచేసుకునేవోళ్లం. మన పిల్లలకి మనం ఏ దారి చూపిస్తాం?”

అమ్మాయి మాట్లాడలేదు. సోడా గ్లాసు మీద పట్టిన చెమ్మను వేలితో తుడుస్తూ కూచుంది. వాళ్లమ్మ పనీర్ ముక్క ఒకటి తీసి కూతురి పళ్లెంలో వేసింది.

చెప్పిన రెండో బీరు ఎంతకీ రాలేదు. కొడుకు రెండుసార్లు చెయ్యెత్తాడు. చివరికి మేనేజరే వచ్చాడు. క్షమించమంటాడని అనుకున్నాం. అతను మా మిత్రుడి కుర్చీ దాటి, అమ్మాయి పక్కకు వెళ్లి, వంగి హిందీలో అడిగాడు.

“మేడమ్, ఇంటివాళ్లతో వచ్చారు, ఇబ్బంది పెడుతున్నాను. కొత్త కెగ్ తగిలించాం. నురగ తప్ప ఏమీ రావడం లేదు. ఒక్కసారి చూస్తారా?”

ఆమె తల్లి వంక చూసింది. తల్లి వెళ్లమన్నట్టు కళ్లార్పింది.

కౌంటరు వెనక ఆమె చేతులు తడబడలేదు. పైపు మీద అరచెయ్యి వేసి చల్లదనం చూసింది. గ్యాస్ మీటరు దగ్గరికి వంగి చిన్న మరను కొంచెం తిప్పింది. జగ్గుడు నురగ పారబోయించింది. తర్వాత చిన్న గ్లాసులో రెండు వేళ్ల బీరు పట్టి, దీపానికి ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక గుక్క తీసుకుని నోట్లోనే ఉంచి, కళ్లు మూసుకుంది.

బల్ల దగ్గర నిలబడిపోయిన మేనేజరు మా మిత్రుణ్ణి అడిగాడు. “మీ అమ్మాయా సార్? ఇన్నాళ్లూ మాకు చెప్పనేలేదు. ఈ గోధుమ బీరు ఈవిడ చేసిందే. బ్రూవరీలో ముందున్నాయన మానేశాక అంతా ఈవిడ చేతిలోనే ఉంది. ఈవిడ రుచి చూసి సరే అననిదే ఏ బ్యాచీ గేటు దాటదు.”

కొడుకు గ్లాసు కింద పెట్టాడు. నాయనమ్మకు హిందీ మాటలు సగమే అర్థమయ్యాయి. ఆశ్చర్యపోనిది వాళ్లమ్మ ఒక్కతే. మా మిత్రుడు నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు.

కౌంటరు అవతల అమ్మాయి గుక్క మింగి, వెయిటరు వైపు తలూపింది. ఆయన రెండో గ్లాసు ఆమె సరే అన్నాకే నింపారు.