డుగ్గుడుగ్గు పద్యానికి టీకా తాత్పర్యము

అవతారిక

ఈ పద్యం చెప్పినవాడి పేరు మూలంలో లేదు. ఆర్సీలో ఉండాలి గాని, ఆర్సీ ఇంకా చేతికి రాలేదు. కనుక ఇది టీఆర్ నంబరు కాలపు రచన అని తేలుతోంది. వస్తువు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, అందులోనూ 2021 సెప్టెంబరులో కొత్త ఇంజనుతో వచ్చిన రకం. సందర్భం ఇది: బండి షోరూం గడప దాటి నేరుగా ఆంజనేయస్వామి గుడికి వెళ్లింది. పూజారిగారు ట్యాంకుకు పసుపు కుంకుమలు పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ చుట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది, బండి వీధిలోకి వచ్చింది. వీధి మొత్తం అరుగులు దిగి చుట్టూ మూగింది. ఆ గుంపు నడుమ, హెల్మెట్ కూడా తీయకముందే, కవి లోలోపల అనుకున్న ఆటవెలది ఇది.

మూలము

ఆ.వె.
పాత రూపు దాల్చి బండి కొత్తది వచ్చె
కిక్కు లేదు నాటి కినుక లేదు
డుగ్గుడుగ్గు సడియు దగ్గెనో యనుకొంటి
నెంత యిచ్చు నంచు నెల్లరడుగ

ప్రతిపదార్థము

పాత = మునుపటిదైన; రూపు = ఆకారమును; దాల్చి = ధరించి; కొత్తది = నూతనమైనది, అనగా ఇంకా మొదటి సర్వీసు కానిది; బండి = మోటారుసైకిలు; వచ్చెన్ = అరుదెంచెను, నెలవారీ వాయిదాలతో కూడ అని శేషము; కిక్కు = కాలితో తన్ని ఇంజనును లేపు సాధనము, మత్తు అని రెండవ అర్థము; లేదు = కానరాదు; నాటి = ఆ రోజులలోని; కినుక = అలుక; లేదు = అదియు లేదు; డుగ్గుడుగ్గు సడియున్ = ఆ ప్రసిద్ధమైన చప్పుడును; తగ్గెనో = క్షీణించెనో ఏమో; అనుకొంటిన్ = తలచితిని, పైకి అనలేదని భావము; ఎంత = ఎన్ని కిలోమీటర్లు; ఇచ్చున్ = ఒసగును, లీటరుకు అని అధ్యాహారము; అంచున్ = అనుచు; ఎల్లరున్ = అందరును, బండి లేనివారితో సహా; అడుగన్ = ప్రశ్నింపగా.

అన్వయము

'అడుగన్' అనే అసమాపక క్రియతో పద్యం ఆగిపోయింది. దీన్ని వెనక్కి తెచ్చి 'అనుకొంటిన్'తో కలపాలని ఒక మతం. అందరూ ఒక్కసారే అడుగుతుంటే ఇంజను చప్పుడు వినబడక, అది తగ్గిందేమో అని కవి భ్రమపడ్డాడని వారి అన్వయం. అలా కలపనక్కర్లేదు, ఒకడికి జవాబు చెప్పేలోపు ఇంకొకడు అడగడం వల్ల కవికి వాక్యం ముగించే అవకాశమే దొరకలేదని రెండో మతం. కొత్త బండి కొన్న అనుభవం ఉన్నవారంతా రెండో మతం వైపే ఉన్నారు.

తాత్పర్యము

తాతలనాటి ఆకారంతో సరికొత్త బండి వచ్చింది. దీన్ని తన్నక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. అయితే పాత చప్పుడు కాస్త తగ్గినట్టుంది. ఈ బాధ ఎవరికైనా చెప్పుకుందామంటే అందరికీ మైలేజీయే కావాలి.

విశేషములు

'పాత రూపు': ఏ పాత? 1948నాటి ఇంగ్లండు బుల్లెట్, అంటే జి2 మోడల్, ఈ క్లాసిక్‌కు రూపదాత. ఆ పోలికతో మన దేశంలో క్లాసిక్ అనే బండి 2009లో వచ్చింది. 2021లో ఇంజను, ఛాసిస్ మొత్తం మార్చి మళ్లీ అదే రూపం తొడిగారు. అంటే 1948 మూలం, 2009 భాష్యం, 2021 టీక. పైనుంచి చూస్తే కన్నీటి చుక్కలాంటి ట్యాంకు, హెడ్‌లైటుకు టోపీ, దానికి అటూ ఇటూ పులికళ్ల దీపాలు, పుల్లల చక్రాలు, ముందుది 19 అంగుళాలు, వెనకది 18. ఏదీ టీకాకారుడి సొంత కల్పన కాదు.

పుట్టినచోటు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండులోని రెడిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టారు. ఇంగ్లండులో 1970 నాటికి ఆ వంశం అంతరించింది, తిరువొత్తియూరులో నిలిచింది. ఆ ఊరి అమ్మవారు త్రిపురసుందరి మీదనే త్యాగరాజస్వామి అయిదు కృతులు చెప్పారు. తిరువొత్తియూరు పంచరత్నం అని వాటికి పేరు. పాత బుల్లెట్‌కు నాలుగు గేర్లే ఉండగా ఈ బండికి అయిదు ఉండటంలోని అంతరార్థం ఇదేనని ఒక వ్యాఖ్యాత రాశాడు. ఇది అతివ్యాఖ్య. అయినా మన కావ్యాలకు వావిళ్లవారు టీకాతాత్పర్యాలు అచ్చువేసిందీ ఆ చెన్నపట్నంలోనే కాబట్టి, ఆ గాలిలో ఏదో ఉందని ఒప్పుకోక తప్పదు.

'కొత్తది': కొత్తది కనుక మొదటి 500 కిలోమీటర్లూ దీన్ని బాదకూడదు. ఒకే వేగంతో గంటలకొద్దీ తోలకూడదు, ఇంజను వేడెక్కకముందే యాక్సిలరేటరు మెలిపెట్టకూడదు. తర్వాత మొదటి సర్వీసు, ఆయిలు మార్పు. ఊళ్లో కుర్రాళ్లు "ఒకసారి లాగి చూపించన్నా" అన్నప్పుడు కవి మౌనం వహించడానికి ఈ నియమమే కారణం. అణకువ కాదు.

'కిక్కు లేదు': ఇక్కడ శ్లేష. మొదటి అర్థానికి చరిత్ర కావాలి. పోత ఇనుము ఇంజను బుల్లెట్ లేపడమంటే ఒక క్రతువు. తాళం తిప్పాలి. కిక్కు రాడ్డును మెల్లగా తొక్కుతూ హెడ్‌లైటు డూమ్ మీది ఆంపియర్ మీటరు ముల్లును కనిపెట్టాలి. పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు ఒక పక్కకు వాలుతుంది, తెరుచుకోగానే నడిమికి వస్తుంది. అదే పిస్టను పైకి వచ్చిందన్న గుర్తు. అప్పుడు డీకంప్రెసర్ పట్టి, రాడ్డును ఇంకాస్త కిందికి దించి, వదిలేసి, రాడ్డు పైకి వచ్చాక నిండు బరువుతో ఒక్క తన్ను. లెక్క తప్పితే రాడ్డు తిరిగి తన్నేది. మోకాలి చిప్ప వాచినవాళ్లు ప్రతి ఊళ్లో ఉండేవారు, వాళ్లు దాన్ని దాచుకునేవారు కాదు.

కొత్త బండికి ఆ రాడ్డే లేదు. కుడిచేతి దగ్గర గుండ్రటి మీట తిప్పితే చాలు. తన్ను అనే కారణం లేకుండా లేవడం అనే కార్యం జరిగింది గనుక ఇది విభావనాలంకారం. రెండో అర్థం, మత్తు లేదనడం, కవి హృదయం కాదు. పక్కింటి పెద్దాయన హృదయం. ఆయన 1980లలో కొన్న బుల్లెట్ అమ్మేసి చాలాకాలమైంది, మోకాలు మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

'నాటి కినుక': వానాకాలం పొద్దున్నే లేవననడం, నిలబెట్టినచోట ఆయిలు బొట్లు పెట్టడం, పాయింట్లలో మసి చేరితే నడిరోడ్డు మీద మూతి ముడవడం పాత బండి స్వభావం. అందుకే ఆ బండికి ఒక మెకానిక్ ఉండేవాడు, ఇంటికి పురోహితుడున్నట్టు. దాని నాడి ఆయనకే తెలుసు. కొత్త బండిలో కార్బ్యురేటర్ లేదు. పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరు చూసుకుంటుంది. అలిగితే డయల్లో పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. అప్పుడు దాన్ని బతిమాలడానికి మెకానిక్ చాలడు, తీగతో తగిలించే యంత్రం కావాలి.

ఇంకొక మాట. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉండేవి. కొత్తదానికి అన్ని బండ్లలాగే తారుమారు. కొంతకాలం పాత బండి తోలినవాళ్లు దీన్నెక్కితే, కుక్క అడ్డొచ్చినప్పుడు ఎడమకాలితో బ్రేకు తొక్కబోయి గేరు తగ్గిస్తారు. కాళ్లకు జ్ఞాపకశక్తి ఉంటుందనడానికి ఇదే ప్రమాణం.

'డుగ్గుడుగ్గు సడి': ఈ పద్యానికి ప్రాణస్థానం ఇదే. ఒంటి సిలిండరు ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట. ఊరికే నిలబెట్టినప్పుడు నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు అనుకుంటే అయిదు వందల పేలుళ్లు, అంటే సెకనుకు ఎనిమిది. పాత ఇంజను బరువైన ఫ్లైవీలు దన్నుతో ఇంకా నింపాదిగా తిరిగేది, డుగ్గుకూ డుగ్గుకూ నడుమ సందు వినబడేది. ఆ సందే సంగీతం. పాతదానిలో బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. కొత్తదానిలో బోరు 72, నడక 85.8. పైగా లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ ఒకటి ఎదురు తిరుగుతూ అదురును మింగేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల వల్ల సైలెన్సర్ దారిలో పొగను శుద్ధిచేసే అడ్డంకి ఎలాగూ తప్పదు. అందుచేత కవి అనుమానం నిజమే. ఒక లాభం మాత్రం ఉంది. పాత బండి అద్దంలో వెనక వచ్చేది లారీయో, దాని ఆత్మో తెలిసేది కాదు. ఇప్పుడు నంబరు ప్లేటు చదవవచ్చు.

"సైలెన్సర్ మార్పించన్నా, దద్దరిల్లాలి" అని సలహా చెప్పేవారున్నారు. అలా మార్పించిన సైలెన్సర్లను పోలీసులు వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించడం మన నగరాలు చూశాయి. పాఠాన్ని దిద్దేవాడు ఇది గుర్తుంచుకోవాలి.

తోలిన తర్వాత తెలిసేవి: బండి 195 కిలోలు. గేటు వాలులో వెనక్కి నెట్టేటప్పుడు ఆ అంకెలో ప్రతి కిలో విడివిడిగా అర్థమవుతుంది. రోడ్డెక్కాక అదే బరువు నిలకడ అవుతుంది. 4,000 చుట్ల దగ్గరే 27 న్యూటన్‌మీటర్ల లాగుడు ఉంది గనుక ఆటో వెనక మూడో గేరులో నత్తనడక నడిచినా గునవదు, మళ్లీ గేరు మార్చకుండానే ఎత్తుకుంటుంది. డెబ్భై, ఎనభై వేగంలో హాయి. నూరు దాటించాలంటే యాక్సిలరేటరు ఎంత మెలిపెట్టినా 20 గుర్రాలు ఆలోచించుకుంటాయి. కారణం ఉన్నా కార్యం జరగకపోవడం విశేషోక్తి. ఒకే బండిలో విభావనా విశేషోక్తులు రెండూ ఉండటం అరుదు.

'ఎంత యిచ్చు': ఈ ప్రశ్నకు జవాబు అడిగేవాడిని బట్టి ఉంటుంది. ఇంట్లో అడిగితే నలభై. ఆఫీసులో అడిగితే "ఇంకా ట్యాంకు టు ట్యాంకు చూడలేదండీ". సాటి బుల్లెట్ మనిషి అడిగితే "మైలేజీ చూసుకునేవాడు ఇది కొనడు బాబాయ్". నిజం ముప్పై అయిదు చుట్టుపక్కల. ట్యాంకు 13 లీటర్లు.

గుంటూరు ప్రతిలో 'ఎంత పడ్డ దంచు నెల్లరడుగ' అని పాఠాంతరం. ఛందస్సు సరిపోయింది, అర్థమూ సరిపోయింది. ఈ పాఠం 2025 సెప్టెంబరు 22 తర్వాతిది కావచ్చు. ఆనాటి నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ గీత దాటినవాటికి 40కి ఎక్కింది. ఈ ఇంజను 349 సీసీ. ఇంజనుకు ఆ కొలత పెట్టినప్పుడు ఈ పన్ను ఎవరికీ తెలియదు. ఒక్క సీసీ వినయానికి ఇంత ఫలం దక్కింది.

ఆక్షేపణ, సమాధానము

పూర్వపక్షి అంటాడు: "కిక్కు లేదు, అదురు లేదు, ఆయిలు బొట్టు లేదు. ఇది బుల్లెట్ వేషం కట్టిన స్కూటరు."

సమాధానం: మెదకుసీమ కొల్చారంవాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఈ బండిని ఆ రెండు కొలతలతో తూచాలి. ఏబీఎస్ మూలంలో లేదు, కాని 2019 నుంచి శాసనం. పగలూ వెలిగే హెడ్‌లైటు మూలంలో లేదు, అదీ 2017 నుంచి శాసనమే. ఎదురొచ్చేవాళ్లు వేళ్లు ముడిచి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేయడం మాత్రం ఏ శాసనమూ ఆపలేకపోయింది. ఇక హ్యాండిలు కింద ఫోను చార్జింగుకు యూఎస్‌బీ రంధ్రం మూలంలోనూ లేదు, శాసనంలోనూ లేదు. ఇక్కడ టీకాకారుడు మాట తప్పాడు. అయినా ఆ రంధ్రాన్ని అందరికంటే ముందు వాడుకున్నది ఈ పూర్వపక్షే, కవి బండి అరువు తీసుకుని విజయవాడ వెళ్లినప్పుడు.

కష్టమైన మూలాన్ని కష్టం లేకుండా అందించడమే టీక పని. కష్టమే కావ్యమనుకునేవారికి టీక ఎప్పుడూ నచ్చదు. వారి మాటలోనూ న్యాయం ఉంది: ఆంపియర్ మీటరు ముల్లు చూసి పిస్టను ఎక్కడుందో పసిగట్టినవాడికి తన బండి తెలుసు. మీట తిప్పేవాడికి మీట మాత్రమే తెలుసు. కాని టీకలు లేకపోతే మూలాలను చదివేవాళ్లు మిగలరు, బండ్ల విషయంలోనైతే తోలేవాళ్లు మిగలరు. పక్కింటి పెద్దాయన మోకాలితో ఇవాళ ఎక్కగలిగిన బుల్లెట్ ఇదొక్కటే.

ఫలశ్రుతి

కవిగారి మనవడు సాయంత్రాలు ట్యాంకు మీద కూర్చుని నోటితో డుగ్గుడుగ్గు అంటున్నాడు. వాడికి 1948 లేదు, పోత ఇనుము లేదు, కిక్కు రాడ్డు లేదు. వాడికి ఇదే మూలం. మరో యాభై ఏళ్లకు ఎవరో ఒకరు దీనికి టీక కడతారు: చప్పుడే లేని బండికి ఇదే ట్యాంకు, ఇవే పులికళ్లు తగిలించి, హ్యాండిలు కింద యూఎస్‌బీ రంధ్రాన్ని కూడా తు.చ. తప్పకుండా చెక్కుతారు. అందులో ఏం గుచ్చేవారో చెప్పడానికి అప్పుడు మళ్లీ ఒక వ్యాఖ్యాత కావాలి.